ఎందుకని అడగకు

పోయినవారం మన కండక్టర్ తోడక్క ముఖం మీదే తలుపు వేసేసి, లోపలి గడియ కూడా బిగించి, పెద్ద ఘనకార్యం చేసినట్టు చేతులు దులుపుకున్నాడు. ఆవిడ బయట కాసేపు నిలబడింది. ఇంకోసారి తలుపు తట్టింది. తర్వాత చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా కిందికి దిగిపోయింది. మంచం మీద కూర్చున్న భార్యతో "పంపేశాను" అన్నాడు కండక్టర్. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో చూడాల్సినవాడు చూడకుండా, టిక్కెట్ల సంచీ భుజాన వేసుకుని మర్నాడు నిశ్చింతగా డ్యూటీకి పోయాడు.

ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళకి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. తోడక్క వీళ్ళకి అక్క కాదు, చుట్టం కాదు. ఆవిడ డూలా. మందు ఇవ్వదు, సూది వెయ్యదు, కాన్పు చెయ్యదు. అవి ఆసుపత్రివాళ్ళ పనులు. నెలలు నిండకముందు నుంచి బిడ్డ పాలకి అలవాటు పడేదాకా తల్లి పక్కన ఉండడం, తల్లి పక్కన ఉండేవాళ్ళకి ఎలా ఉండాలో నేర్పడం ఆవిడ ఉద్యోగం. కండక్టర్ తల్లికి డూలా అనే మాట నోరు తిరగలేదు. "ఆ తోడొచ్చే అక్క ఎక్కడ, తోడక్క ఎక్కడ" అంటూ తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ ఆవిడ తోడక్క అయిపోయింది.

మొదట్లో కండక్టర్‌కి ఆవిడంటే ఒళ్ళు మండేది. నా భార్య పక్కన నేనుండగా ఈవిడెందుకు అని సణిగాడు. ఒక్క పూటలో దారికొచ్చాడు. నొప్పులొచ్చినప్పుడు నడుం దగ్గర అరచేత్తో ఎక్కడ నొక్కాలో, నీళ్ళ గ్లాసు ఎప్పుడు అందించాలో, ఎప్పుడు నోరు మూసుకుని ఊరికే నిలబడాలో ఆవిడే నేర్పింది. "పాలిచ్చేది ఆమే. కానీ ఆమె పాలిచ్చేలా చూసేది మీరంతా" అనేది. అలా అనేసరికి కండక్టర్ ఛాతీ కాస్త పొంగింది. కాన్పంటే మగవాడు వరండాలో పచార్లు చెయ్యడమే అనుకున్నవాడికి ఒక పని దొరికింది మరి.

ఆ పనుల్లో ఒకటి సైగ.

నొప్పులు పడుతున్న మనిషి "అత్తయ్యా, మీరు కాస్త బయటికి వెళ్ళండి" అనలేదు. నోరు రాదు, మొహమాటం పోదు. అందుకని తోడక్క తన దగ్గరికొచ్చే ప్రతి జంటనీ ఒక సైగ పెట్టుకోమంటుంది. భార్య ఆ సైగ చేస్తే, గదిలో ఆమెకి ఎవరు ఇబ్బందిగా ఉన్నారో చూసుకుని మొగుడు వాళ్ళని మర్యాదగా బయటికి పంపాలి. కండక్టర్ తన ఈల ఇస్తానన్నాడు. "ఒక ఈల వేస్తే ఆపు, రెండేస్తే దింపెయ్" అన్నాడు. భార్య పొట్ట పట్టుకుని పగలబడి నవ్వి, చివరికి చెవి తమ్మె లాగుతానంది. "లాగితే ఎందుకని అడగకు. పంపెయ్, అంతే" అని తోడక్క గట్టిగా చెప్పింది.

కాన్పు గదిలో కండక్టర్ తల్లి తన నొప్పుల కథ మొదలుపెట్టింది. ఆపలేదు. భార్య చెవి తమ్మె లాగింది. కండక్టర్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి వరండా బెంచీ దాకా నడిపించాడు. పెద్దావిడ ముఖం మాడ్చుకుని కూర్చుంది కానీ, గది నెమ్మదించింది, తర్వాత పాప పుట్టింది. ఆ రోజు నుంచి కండక్టర్‌కి తన మీద తనకి మహా గౌరవం ఏర్పడిపోయింది. బస్సులో టిక్కెట్టు తీయనివాళ్ళని దింపినంత సులువుగా కన్నతల్లిని దింపాను, అదీ నా భార్య కోసం, అని డ్రైవర్‌తో చెప్పుకున్నాడు కూడా.

ఇంటికొచ్చాక సైగ ఆగలేదు. చూడ్డానికొచ్చిన పక్కింటావిడ మీద చెవి లాగింది. పంపేశాడు. సాయానికొచ్చిన వదిన మీద లాగింది. భార్యకి సొంత అక్కేగా అనుకున్నాడు, అయినా పంపేశాడు. తర్వాత అతని తల్లి. ఆవిడ ఏడుస్తూ చెల్లెలి ఇంటికి పోయింది. ఆఖరికి తోడక్క. ఎందుకని అతను ఒక్కసారి కూడా అడగలేదు. అడగొద్దన్నారుగా.

ఇక ఈ రోజు సంగతి.

మధ్యాహ్నం ట్రిప్పు అయ్యాక బస్సు డిపోలో గోడ పక్కన ఆగి ఉంది. డ్రైవర్ భోజనానికి పోయాడు. ఖాళీ బస్సులో వెనక సీటు మీద కూర్చుని కండక్టర్ టిక్కెట్ల మిషన్‌లో కాగితం చుట్ట మారుస్తున్నాడు. అది ఇరుక్కుని రానంటోంది. ముందు మెట్టు మీద ఎవరో కాలు పెట్టారు. బస్సు కాస్త ఒరిగింది. అతను తలెత్తకుండానే అలవాటుగా అనేశాడు.

"ఇది ఇప్పుడు వెళ్ళదండీ. దిగండి."

"నేనెక్కడికీ వెళ్ళడానికి ఎక్కలేదు. నన్ను దింపడం నీకు బాగా అలవాటైపోయింది తమ్ముడూ."

తోడక్క. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. రోజూ భుజాన ఉండే పెద్ద సంచీ ఇవాళ లేదు. వచ్చి అతని ముందు సీట్లో అడ్డంగా కూర్చుంది.

"చెప్పాను కదక్కా. తనకి ఇష్టం లేదు. రావొద్దన్నాను."

"ఇంటికి రావొద్దన్నావు. బస్సెక్కొద్దనలేదు."

మామూలు రోజుల్లో అయితే ఈ మాటకి ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. కండక్టర్ మళ్ళీ మిషన్ మీదికి వంగాడు.

"ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు?" అని అడిగింది తోడక్క.

"ఎవరుంటారు. నా భార్య, నా కూతురు."

"ఇంకా?"

"ఇంకెవరూ లేరు. తనకి ఒంటరిగా ఉంటేనే హాయిగా ఉంది. మీకు తెలీదక్కా, ఇల్లంతా అద్దంలా పెట్టింది. కర్టెన్లు తీసి ఉతికింది. పాప బట్టలు ఇస్త్రీ చేస్తోంది. కాన్పయిన మనిషిలా ఉందా అసలు? మా అమ్మ ఉన్నన్నాళ్ళూ మంచం దిగనిచ్చేది కాదు, అందుకే నీరసంగా ఉండేది. ఇప్పుడు చూడండి ఎంత చురుగ్గా ఉందో."

అతను గొప్పగానే చెప్పాడు. ఆవిడ ముఖంలో గొప్ప కనపడలేదు.

"ఎప్పుడు పడుకుంటోంది?"

కండక్టర్ గుర్తుతెచ్చుకోబోయాడు. తను పడుకునేటప్పుడు ఆమె కూర్చునే ఉంటోంది. తనకి మెలకువ వచ్చినప్పుడల్లా అలాగే కూర్చుని ఉంటోంది. కన్నతల్లి కదా, పిల్లని కనిపెట్టుకుని ఉందనుకున్నాడు. ఒకసారి ఆ మాట అంటే ఆమె "పడుకుంటే ఎలా" అంది. దానికి అతను మురిసిపోయాడు కూడా.

"పాప పుట్టిన కొత్తలో నేను నిన్ను ఏమేం చూడమన్నాను, చెప్పు."

"గుడ్డలు బరువుగా తడుస్తున్నాయా అని. పాలు మింగే చప్పుడు వినపడుతోందా అని. కడుపు నిండాక పిడికిళ్ళు విప్పుతోందా అని." బడిపిల్లాడిలా గడగడా అప్పజెప్పాడు.

"చూస్తున్నావా?"

డ్యూటీలో చేరాక చూడలేదు. గుడ్డలు ఆమే మారుస్తోంది, అతన్ని ముట్టుకోనివ్వడం లేదు. పాలు పట్టేటప్పుడు తలుపు దగ్గరికి వేస్తోంది. అతను మిషన్ మూత చటుక్కున మూశాడు. లోపల కాగితం నలిగింది.

"పాప మంచిది. ఏడుపే లేదు. ఇరుగుపొరుగు అందరూ అదే అంటున్నారు."

"నేనూ మొదట అదే అన్నాను" అంది తోడక్క. "ఇప్పుడు ఆ మాటకే భయమేస్తోంది."

డిపోలో ఎవరో బస్సు కడుగుతున్నారు. నీళ్ళు రేకు మీద పడుతున్న చప్పుడు ఆగకుండా వస్తోంది. ఆవిడ ఆ చప్పుడు మీదుగా వినపడేంత గొంతుతోనే, నెమ్మదిగా చెప్పింది.

"నన్ను పంపేసిన రోజు, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు, ఆమె పాలు గ్లాసులోకి పిండి సింకులో పారబోస్తోంది. పాప అక్కడ నోరు తెరుచుకుని వెతుక్కుంటోంది. ఎందుకమ్మా పోస్తున్నావంటే గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమంది. అత్తయ్య ఇచ్చిన నీళ్ళు తాగినప్పటి నుంచీ ఇందులో ఏదో కలుస్తోందట. పాపకి పడితే పాప చచ్చిపోతుందట. అవి పాలే తమ్ముడూ. పాలు తప్ప ఏమీ లేవు. ఆ మాటే అన్నాను. ఒకసారి ఆసుపత్రికి వెళ్దాం, నేనూ పక్కనే ఉంటానన్నాను. అప్పుడు నువ్వు స్నానం చేసి బయటికొచ్చావు. ఆమె చెవి లాగింది."

కండక్టర్ ముఖం పాలిపోయింది. అయినా పౌరుషం ముందు లేచింది.

"అంత సంగతైతే నాకెందుకు చెప్పలేదు?"

"తలుపు రెండోసారి కొట్టింది దానికే."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ రెండో చప్పుడు అతనికి బాగా గుర్తుంది. వినపడనట్టు ఉండడమే భర్త ధర్మమనుకున్నాడు. ఆవిడ ఫోను చేస్తే నంబరు కూడా బ్లాక్ చేసేశాడు.

"ఇదంతా మా అమ్మ చెప్పించిందా? మీరిద్దరూ ఒక జట్టయ్యారా?" అన్నాడు. అంటున్నప్పుడే ఆ మాట అతనికే నచ్చలేదు.

"మీ అమ్మ దగ్గరికీ వెళ్ళాను. నిన్నెవరు పంపారని అడిగి తలుపేసుకుంది. తలుపులు వెయ్యడం మీ ఇంట్లో అందరికీ బాగానే వచ్చు."

"మీరే కదా ఎందుకని అడగొద్దన్నది! నేను ఒక్కసారైనా తప్పానా? మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను. అమ్మని పంపాను. వదినని పంపాను. మా అమ్మ నా ముఖం చూడనంటోంది. ఇప్పుడొచ్చి నాదే తప్పంటారా?"

అతని గొంతు బస్సంతా వినపడింది. బస్సు కడిగేవాడు ఒకసారి ఇటు తొంగిచూసి తన పని తను చేసుకున్నాడు.

"నీదని అనలేదు. చెప్పింది నేనే" అంది తోడక్క. "కానీ అది కాన్పు గదికి చెప్పాను. అక్కడ డాక్టరుంది, నర్సుంది, నేనున్నాను. నువ్వెవర్ని పంపినా ఇంకా నలుగురు ఉంటారు. ఇంటికొచ్చాక ఆ సైగ ఆపెయ్యాలని విడిగా చెప్పాలని నాకు తట్టలేదు. నువ్వింత నిష్ఠగా పట్టుకుంటావని అనుకోలేదు."

అవతల నీళ్ళ చప్పుడు ఆగింది.

"తనకేమైందక్కా?" అన్నాడు కండక్టర్. ఇప్పుడు గొంతులో అరుపు లేదు.

"పేరు పెట్టడం నా పని కాదు. డాక్టర్లు పెడతారు. కాన్పయ్యాక కొందరికి వచ్చే జబ్బు. లేనివి వినపడతాయి, లేనివి ఉన్నాయనిపిస్తాయి. ఆమె తప్పు కాదు, నీ తప్పు కాదు, మీ అమ్మ ఇచ్చిన నీళ్ళ తప్పు అసలే కాదు. వైద్యం చేస్తే తగ్గుతుంది. తగ్గినవాళ్ళని చూశాను. కానీ ఈ రోజే తీసుకెళ్ళాలి. సాయంత్రం దాకా కూడా కాదు, ఇప్పుడే." ఆవిడ అతని మోచేయి పట్టుకుంది. "సరిగ్గా విను. వెళ్ళేదాకా పాపని ఆమె దగ్గర ఒంటరిగా వదలొద్దు. ఆమెనీ ఒంటరిగా వదలొద్దు. రెండూ. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పాపకొక మనిషి, ఆమెకొక మనిషి ఉండాలి."

"నా భార్య నా కూతుర్ని ఏమన్నా చేస్తుందంటారా?"

"ఆ మాట నువ్వన్నావు. నేననలేదు."

కండక్టర్ మిషన్ సీటు మీద వదిలేసి లేచాడు. తోడక్క కూడా లేచింది. పద నేనూ వస్తానంది. ఇక్కడే మనవాడు ఇంకో పొరపాటు చేశాడు. చేతిలో చెయ్యి వేసి తీసుకెళ్ళాల్సిన మనిషిని చెయ్యెత్తి ఆపేశాడు.

"మీరొద్దక్కా. మిమ్మల్ని చూస్తే భయపడుతుంది. నా మాట వింటుంది. నేను చెప్తే వస్తుంది."

ఆవిడ రెండు మూడు రకాలుగా చెప్పి చూసింది. అతను వినలేదు. భార్యకి తనకంటే దగ్గరివాళ్ళు ఎవరూ లేరన్న గర్వం అతనికి ఇంకా చావలేదు. చివరికి ఆవిడే తగ్గింది.

"సరే. నేను పోయి మీ అమ్మని లాక్కొస్తాను, తిట్టినా సరే, కొట్టినా సరే. నువ్వు ఇంటికెళ్ళి వాళ్ళిద్దరి మధ్యా కూర్చో. ముందు నా నంబరు మీద బ్లాక్ తీసెయ్." అతను ఫోను తీసి ఆ పని చేసేదాకా అక్కడే నిలబడింది. మెట్టు దిగుతూ వెనక్కి తిరిగింది. "ఒకటడుగుతాను. ఆ ఇంట్లో ఇంక పంపించడానికి ఎవరు మిగిలారు తమ్ముడూ?"

అతను బస్సు దిగి ఇంటిదారి పట్టాడు. దారి పొడుగునా ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఇంక మిగిలింది నేనే, అనుకున్నాడు. ఈసారి నా మీద లాగుతుంది. లాగితే వెళ్ళను. అరిచినా వెళ్ళను. గుమ్మంలో కూర్చుంటాను. ఇలా తనకి తను ధైర్యం చెప్పుకుంటూ అయిదంతస్తుల మెట్లూ ఎక్కాడు.

తలుపు తీసింది ఆమే. ముఖం కడుక్కుని, జుట్టు బిగించి దువ్వుకుని ఉంది. "తొందరగా వచ్చావే" అంది మామూలుగా. ఆ మామూలు గొంతు విని అతని ప్రాణం కుదుటపడింది. తోడక్క ఊరికే గాభరా పెట్టిందేమో అనిపించింది కూడా. లోపలికొచ్చి చూశాక ఆ కాస్త నెమ్మదీ పోయింది.

కర్టెన్లు లేని కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ తిన్నగా గదిలోకి పడుతోంది. నేల మీద సబ్బు వాసన. గోడకి ఉండే పెళ్ళి ఫోటో తీసి బోర్లా పెట్టింది. బల్ల మీద పాప చొక్కాలు దొంతరగా ఉన్నాయి. ఇస్త్రీ చేసినవే తీసి విప్పి మళ్ళీ ఇస్త్రీ చేస్తోంది. ఉయ్యాల తొట్టిని మూలకి జరిపి, పాప ముఖం గోడవైపు ఉండేలా తిప్పేసింది.

"అటు తిప్పావేం?"

"నన్ను చూస్తోంది" అంది ఆమె, ఇస్త్రీపెట్టె ఆపకుండా.

కండక్టర్ తొట్టి దగ్గరికి వెళ్ళి వంగాడు. పాప మేలుకునే ఉంది. నోరు తెరిచింది, ఏడుపు బయటికి రాలేదు, గాలి లాంటి సన్నటి చప్పుడు వచ్చింది. పెదవులు ఎండిపోయాయి. అతను గుడ్డ కింద వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది. పిడికిళ్ళు రెండూ గట్టిగా బిగించి ఉన్నాయి. ఒక పిడికిలి విప్పబోతే అది మళ్ళీ మూసుకుపోయింది. మంచి పిల్ల, ఏడవదు, అని ఇన్ని రోజులుగా డిపోలో అందరికీ చెప్పుకున్నాడు. ఆ మాట అన్న నోటిని కొట్టుకోవాలనిపించింది.

జేబులో ఫోను మోగింది. తీసి చూసేలోపే ఆమె వచ్చి అతని చేతిలోంచి తీసుకుంది. లాక్కోలేదు, ఎంతో మర్యాదగా తీసుకుంది. "ఇందులోంచి వింటున్నారు" అని చెప్పి, సబ్బు నీళ్ళ బేసిన్‌లో వేసి, చొక్కా ముంచినట్టు వేళ్ళతో అడుగుదాకా ముంచింది. తడి చెయ్యి తుడుచుకుని మళ్ళీ ఇస్త్రీపెట్టె పట్టుకుంది.

కండక్టర్ తోడక్క చెప్పినట్టే తొట్టికీ ఆమెకీ మధ్య వచ్చి నిలబడ్డాడు. నడుం నొక్కిన రోజున ఏ గొంతుతో మాట్లాడాడో ఆ గొంతే తెచ్చుకున్నాడు.

"కాసేపు బయటికి వెళ్దామా, ముగ్గురం?"

"ఎక్కడికి?"

అబద్ధం చెప్పి తీసుకెళ్ళొచ్చు. నోరు రాలేదు. "ఆసుపత్రికి. నువ్వు నిద్రపోవాలి. పాపకి పాలు కావాలి. నేను పక్కనే ఉంటాను, ఎక్కడికీ పోను."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. చిన్న చొక్కా మీద అలాగే నిలబడిపోయింది. బట్ట మాడుతున్న వాసన వచ్చింది, సన్నటి పొగ లేచింది. ఆమె కదల్లేదు. అతను చెయ్యి చాచి స్విచ్ ఆపి, ఇస్త్రీపెట్టె పక్కకి తీశాడు. చొక్కా మీద గోధుమరంగు మచ్చ పడింది.

ఆ మచ్చ చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారింది. ఈల వేస్తానంటే పొట్ట పట్టుకుని నవ్విన మనిషి ముఖం ఒక్క క్షణం కనపడింది. ఎక్కడో లోతునుంచి, ఎంతో కష్టపడి పైకి వచ్చినట్టుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. కుడి చెయ్యి లేచింది. చెవి తమ్మె పట్టుకుని లాగింది.

నా వంతు వచ్చింది, అనుకున్నాడు కండక్టర్.

"నేను వెళ్ళను" అన్నాడు. "ఎంత లాగినా వెళ్ళను."

ఆమె తల అడ్డంగా ఊపింది. నువ్వు కాదన్నట్టు. మళ్ళీ లాగింది. ఈసారి తమ్మె ఎర్రబడేదాకా లాగింది. ఆమె చూపు అతని భుజం మీదుగా మూలకి పోయింది. అతను తిరిగి చూశాడు. ఆ మూల తొట్టి తప్ప ఏమీ లేదు. తొట్టిలో పాప తప్ప ఎవరూ లేరు.

ఇన్నాళ్ళూ అడగకూడదనుకున్న మాట అతని నోట మొదటిసారి వచ్చింది.

"ఎందుకు?"

"నేనిక్కడ ఉన్నాను కదా" అంది ఆమె. మాట మాటకీ ఊపిరి అందడం లేదు. "నేను చెయ్యనంటున్నాను. చెయ్యమని చెప్తూనే ఉన్నారు. ఆగడం లేదు. పాపని నా దగ్గర్నుంచి తీసుకెళ్ళిపో. నేను నేనుగా ఉండగానే తీసుకెళ్ళు."

అయ్యో తల్లీ, ఇన్ని రోజులూ ఎంతమందిని పంపమన్నావు, అడగాల్సింది ఇదొక్కటేనా, అని అతని గుండె కొట్టుకులాడింది. ఏడవడానికి వ్యవధి లేదు. రెండు చేతులూ తొట్టిలో పెట్టి పాపని ఎత్తుకున్నాడు. తల కింద అరచెయ్యి, నడుం కింద అరచెయ్యి, తోడక్క నేర్పినట్టే. పాప బరువే లేదు. పుట్టిన రోజుకన్నా తేలిగ్గా ఉంది. పాపని ఛాతీకి హత్తుకుని, మోచేత్తో గడియ తీసి, గుమ్మం దాటాడు.

బయట ఎవరైనా ఉంటే చాలు. పాపని వాళ్ళ చేతుల్లో పెట్టేసి లోపలికి వెళ్ళిపోవచ్చు. ఆమెని పట్టుకుని కూర్చోవచ్చు. అంతే కావాలి.

వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఖాళీగా ఉంది. పక్కింటి తలుపు కాలితో తన్నాడు. లోపల టీవీ గొంతు తగ్గింది. ఎవరూ రాలేదు. మళ్ళీ మా గుమ్మం తొక్కకండని ఆవిడతో చెప్పింది తనే. మెట్ల మలుపులో అతని తల్లి రోజూ కాళ్ళు చాపుకుని కూర్చునే స్టూలు ఉంది. ఖాళీగా ఉంది. వదిన ఉండి ఉంటే ఒక్క కేకకి వచ్చేది. తోడక్క డిపోలో పక్కనే నిలబడి వస్తానంది. వద్దని చెయ్యెత్తి ఆపింది కూడా తనే. ఆవిడ ఈపాటికి ఊరు ఆ చివర పెద్దావిడ తలుపు కొడుతూ ఉంటుంది.

వెనక ఇంట్లో చప్పుడైంది. ఏదో ఇనుము ఇనుముతో రాసుకుంటున్న చప్పుడు. ఒకసారి ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకాస్త బలంగా. అతను పోల్చుకున్నాడు. బాల్కనీ తలుపు గడియ అది. తుప్పుపట్టి బిగుసుకుపోయింది, బట్టలు ఆరెయ్యాలంటే ఎప్పుడూ అతన్నే పిలిచి తీయించుకునేది. ఇవాళ పిలవలేదు.

పాపని ఆమె దగ్గర వదలొద్దు. ఆమెని ఒంటరిగా వదలొద్దు. రెండూ.

గడియ ఊడిన చప్పుడు వినపడింది. బాల్కనీ లోంచి గాలి ఒక్కసారిగా ఇల్లంతా దూసుకుని గుమ్మం దాకా వచ్చి అతని ముఖానికి తగిలింది. కండక్టర్ ఆమెని పేరు పెట్టి పిలిచాడు. జవాబు రాలేదు. అతని రెండు చేతుల్లోనూ పాప ఉంది, పాపని అందుకోవడానికి ఎవరూ లేరు.